సవరించి చదువుకోగలరు

ఫోను మోగేసరికి వకుళ తల మీద టోపీ ఉంది, నోట్లో సగం ఇడ్లీ ఉంది. మిగతా సగం ఫణీంద్ర సర్ది పంపిన స్టీలు డబ్బాలో ఉంది. పెళ్ళై ఐదు వారాలైంది. ఈ ఐదు వారాలుగా రోజూ డబ్బా మూత తీస్తే ఏదో ఒక వింత. ఇవాళ ఇడ్లీ మీద కారప్పొడితో కళ్ళు, ముక్కు, నవ్వుతున్న నోరు గీశాడు మహానుభావుడు. ఆ ముఖం చెరిగిపోకుండా అంచుల నుంచి తినే పనిలో ఆమె మునిగి ఉండగా, గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడ్డ డాక్టర్ షకీలా ఒక్క కేక పెట్టింది.

"వకుళా! మనకే వచ్చింది! నూరు గ్రంథాలయాల్లోనూ పెట్టడానికి మన చిత్తరువునే ఎంచారు!"

ఆ మాట చెవిన పడగానే తన మనసులో ఏం మెదిలిందో దాచుకునే వీలు వకుళకు లేకపోయింది. తల మీద టోపీ ఉందాయె. ఎదురుగా తెర మీద బొమ్మ పడిపోయింది. స్కూటర్ మీద ఫణీంద్ర. హెల్మెట్ అద్దం పైకెత్తి, వెనక్కి తిరిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

షకీలా కళ్ళజోడు సవరించుకుని తెర వంక తేరిపార చూసింది.

"మూడేళ్ళ కష్టం ఫలించిందంటే కమిటీ కనపడుతుందనుకున్నా. పోనీ నేనైనా కనపడతాననుకున్నా. మీ ఆయనా?"

"ఇంకా ఐదు వారాలే కదా మేడమ్. ఆరో వారంలో మీరే కనపడతారు."

ఇద్దరూ చేతులు పట్టుకుని ఆ ఇరుకు ప్రయోగశాలలో గుండ్రంగా తిరిగారు. వకుళ మెట్టెలు గచ్చు మీద టకటకలాడాయి. టోపీ తీగలు కాళ్ళకు చుట్టుకుంటే నవ్వుతూ విడదీసుకున్నారు.

చిత్తరువు అంటే బొమ్మ. పాత మాట. చిత్తంలోని బొమ్మను గీసే యంత్రానికి అంతకంటే మంచి పేరు దొరకదని వకుళే పెట్టింది. చదివిన మాటో, విన్న మాటో బుర్రలోకి దిగిన మొదటి అర సెకనులో, ఆలోచన ఇంకా కళ్ళు నులుముకుంటూ ఉండగానే, లోపల ఒక బొమ్మ మెదులుతుంది. టోపీ దాన్ని పట్టుకుంటుంది, తెర గీస్తుంది. ఆ తర్వాత మనిషి ఎంత మర్యాదగా సర్దుకున్నా లాభం లేదు. బొమ్మ అప్పటికే పడిపోయి ఉంటుంది.

పొద్దున్నే కాఫీతోపాటు పత్రిక చదివే మనిషి లోపల ఎవరెవరి బొమ్మలు పడుతున్నాయో చూడాలన్నది వాళ్ళ పరిశోధన. మూడేళ్ళలో రెండు వందల మందికి టోపీ పెట్టి వార్తలు చదివించారు. 'మంత్రి' అంటే తెల్లచొక్కా పడింది. 'రైతు' అంటే తలపాగా, దాని కింద మీసం పడ్డాయి. ఊళ్ళో నాట్లు వేసేది, కలుపు తీసేది, కోత కోసేది అంతా ఆడవాళ్ళే అయినా, మీసం లేని రైతు ఒక్కసారీ పడలేదు.

"అయితే ఒక మెలిక ఉంది," అంది షకీలా కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకుంటూ. "రేపు పదకొండింటికి పరిశీలకులు కళాక్షేత్రానికి వస్తున్నారు. జనం ముందు చేసి చూపించాలి. ఆ ముఖం గొడవ రేపటికల్లా తేల్చమన్నారు. అది లోపమైతే ఎంపిక రద్దు."

ముఖం గొడవ నాలుగు నెలలుగా ఉంది. వార్తలో మగవాడుంటే చిత్తరువు ముఖంతో సహా గీసేది. గొలుసు దొంగకు కూడా చక్కగా కళ్ళూ ముక్కూ వచ్చేవి. అదే ఆడమనిషైతే చీర వచ్చేది, జడ వచ్చేది, వార్తలో వంట ప్రసక్తి లేకపోయినా చేతిలో గరిటె వచ్చేది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం తడిగుడ్డతో తుడిచిన పలక. 'యువతి అదృశ్యం', 'వివాహిత ఫిర్యాదు', 'మహిళ సాహసం', ఏది చదివించినా అదే పలక.

దీనికి షకీలా ఒక కారణం కనిపెట్టింది. "మన భాషలోనే ఉంది తిరకాసు. ఆవిడ వచ్చింది. ఆటో వచ్చింది. అరటిగెల వచ్చింది. అన్నిటికీ ఒకటే 'ది' తగిలిస్తే, వచ్చింది మనిషో గెలో టోపీకి ఏం తెలుస్తుంది?" అందరికీ సబబుగానే తోచింది. దానికి 'ది' జబ్బు అని పేరు పెట్టి నాలుగు నెలలు తీగలు మార్చారు, లెక్కలు మార్చారు. 'ది' తీసేసి గౌరవంగా 'రు' పెట్టి, 'జిల్లా వైద్యాధికారి ఆసుపత్రిని పరిశీలించారు' అని కూడా చదివించారు. ముఖం వచ్చింది. దాంతోపాటు మీసం కూడా వచ్చింది. ఆ వార్తలోని వైద్యాధికారి మాత్రం ఆవిడ!

"రేపటికి తేలుతుంది మేడమ్," అంది వకుళ మిగిలిన ఇడ్లీని, ముఖంతో సహా, నోట్లో వేసుకుంటూ. "నాకెందుకో ఇవాళ అన్నీ తేలే రోజులా ఉంది. చిన్న టోపీ ఇంటికి తీసుకెళ్తాను. ఈ నాలుగు గోడల మధ్య కూర్చుని చదివించీ చదివించీ మనకి బుర్ర మొద్దుబారింది."

*

నాలుగింటికి ఫణీంద్ర స్కూటర్ తెచ్చాడు. అతను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్. హ్యాండిల్‌కి మూర మల్లెపూలు వేలాడుతున్నాయి.

"మేడమ్ గారికి నూరు గ్రంథాలయాలంట. పువ్వులు మాత్రం మూరెడే దొరికాయి," అన్నాడు.

"జాస్మినం సంబాక్ అని లాటిన్ పేరు చెప్పకుండా ఇవ్వడమే పెద్ద బహుమతి," అంది వకుళ. యంత్రం పెట్టె ఒడిలో పెట్టుకుని వెనక కూర్చుంది. బందరు కాలువ పక్కన గాలి చల్లగా తగులుతుంటే, ఎందుకూ లేకుండా ఒక్కతే నవ్వుకుంది. ఎందుకని అడక్కుండా ఫణీంద్ర కూడా నవ్వాడు.

ఇంట్లో మామగారు వీరభద్రరావు అప్పటికే వార్త రాసేసి ఉన్నాడు. ఆయన నలభై ఏళ్ళు 'తొలికోడి' దినపత్రికలో పనిచేశాడు. విలేకరిగా చేరి డెస్కు ఇన్‌చార్జి అయ్యాడు. రిటైరైనా జిల్లా పేజీలు ఇప్పటికీ ఆయన చూసి ఊ అంటేనే ప్రెస్సుకు వెళతాయి. కోడలంటే ఆయనకు వల్లమాలిన ముద్దు. ఆమె పరిశోధన సంగతి విని పెళ్ళిచూపుల్లోనే తొలికోడి పాత సంచికల కట్టలు ఎత్తి చేతిలో పెట్టాడు. ప్రయోగశాలలో ఇప్పుడు చదివిస్తున్నవి అవే. పెళ్ళిచూపుల్లో పిల్లకు పాత పేపర్లు పెట్టిన మామగారు కృష్ణా జిల్లా మొత్తంలో ఇంకొకరు ఉండరు.

"కూర్చో అమ్మాయ్, విను," అని గొంతు సవరించుకున్నాడు. "హెడ్డింగు: సీనియర్ పాత్రికేయుడు వీరభద్రరావు కోడలికి అరుదైన అవకాశం. ఇక వార్త. ప్రముఖ పాత్రికేయులు శ్రీ వీరభద్రరావు ఏకైక కుమారుడు, వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఫణీంద్ర సతీమణి, మెట్టినింట అడుగుపెట్టిన ఐదు వారాలకే, అత్తమామల ప్రోత్సాహంతో, ఇంటిపనులు చక్కబెట్టుకుంటూనే..."

వకుళ ఆయన కళ్ళలోని మెరుపు చూస్తూ విన్నది. ఎంత ప్రేమగా రాశాడో! మనసు వెన్నలా కరిగింది. కరుగుతూనే ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. తన పేరు నాలుగో పేరాలో వచ్చింది.

"అక్కడ ఇష్టమైన వంట అని ఖాళీ ఉంచాను. ఏం వేయమంటావు?"

"వండటమా, తినడమా మామయ్యా?"

"వండటమే."

"అయితే మీ అబ్బాయినే అడగాలి. ఇంట్లో ఇడ్లీ మీద బొమ్మలేసేది ఆయనే."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అత్తగారు నవ్వాపుకోలేకపోయింది. "ఆ పేపరు పేరే తొలికోడి. కూసేది పుంజు, గుడ్డు పెట్టేది పెట్ట. కూత వార్త అవుతుంది గానీ గుడ్డు ఎప్పుడైనా వార్త అయిందా?"

"ఇదిగో, నువ్వు ఊరుకోవోయ్," అన్నాడు వీరభద్రరావు. పెళ్ళాన్ని ఆయన పేరు పెట్టి పిలవడు. ఇదిగో అంటాడు, ఏమోయ్ అంటాడు. ఆవిడా అంతే, ఏవండీ అంటుంది. ఆ తరం కాపురాలన్నీ పేర్లు లేకుండానే గడిచాయి.

భోజనాల బల్ల మీద చిత్తరువు సర్దడం అయింది. వకుళ టోపీ తీసి మొగుడి నెత్తిన పెట్టి, మామగారు రాసిన హెడ్డింగు చేతికిచ్చింది. ఫణీంద్ర చదివాడు. తెర మీద ముందు మామగారు పడ్డాడు, మెడలో దండతో. పక్కన, చిన్నగా, వకుళ. ముఖం బాగానే వచ్చింది. చేతిలో కాఫీ ట్రే కూడా వచ్చింది.

"నేను కాదు!" అని ఫణీంద్ర టోపీ పీకి అవతల పెట్టాడు. "ఒట్టు, నేననుకోలేదు. పొద్దున కాఫీ పెట్టింది కూడా నేనే!"

"తెలుసు. చక్కెర ఎక్కువైంది కూడా," అంది వకుళ. నవ్వుతున్నదే గానీ ఆమె బుర్ర ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయింది. తన ముఖం వచ్చిందేం? వార్త అదే పత్రికది, ఆడమనిషీ ఉంది. పలక రాలేదేం?

"ఏదీ, నాకోసారి పెట్టు," అంటూ అత్తగారు కొప్పు సర్దుకుని సరదాగా కూర్చుంది. వకుళ ఇంకా కాగితం ఇవ్వనేలేదు. గేటు చప్పుడైంది. ఫణీంద్ర కిటికీలోంచి చూసి, "అమ్మా, కోటమ్మ వచ్చింది!" అన్నాడు.

తెర మీద పాలు పోసే కోటమ్మ పడింది. ముక్కుపుడక, పై పన్ను సందు, చెవి పక్కన దోపుకున్న చింపిరి వెంట్రుక, అన్నీ పడ్డాయి.

వకుళ లేచి నిలబడింది.

"ఇంకోసారి అనండి."

"ఏమని?"

"ఇప్పుడన్నదే!"

"కోటమ్మ వచ్చింది."

"వచ్చిం-ది," అంది వకుళ. "'ది'! 'ది' ఉన్నా ముఖం వచ్చింది! ముక్కుపుడకతో సహా వచ్చింది!" ఆ ఉత్సాహంలో మొగుడి చెంపలు రెండూ పట్టుకుని ఊపేసింది. "నాలుగు నెలలుగా పాపం ఆ అక్షరాన్ని తిట్టుకుంటున్నాం. ఇంట్లో అందరం ఇలాగే మాట్లాడుకుంటాంగా. అక్క వచ్చింది, పిన్ని వచ్చింది, అందరికీ ముఖాలున్నాయి. ప్రయోగశాలలో పేపరు ముక్కలు తప్ప ఇంకేం చదివించలేదు, అదీ మా తెలివి! జబ్బు భాషలో లేదు, టోపీలోనూ లేదు. పేపర్లో ఉంది!"

అని నాలుక కరుచుకుంది. పేపరంటే ఆ ఇంట్లో ఒకటే పేపరు.

వీరభద్రరావు ముఖం కొంచెం ముడుచుకుంది. "అంటే ఏమంటావమ్మాయ్? మీ అత్తకి కోటమ్మ తెలుసు కాబట్టి ముఖం పడింది. వార్తలో వచ్చేది ముక్కూ మొహం తెలియని మనిషి. ముఖం ఎలా పడుతుంది?"

"మరి ముక్కూ మొహం తెలియని గొలుసు దొంగకి ఎందుకు పడుతోంది మామయ్యా?"

"వాడి పేరు వేస్తాం, ఊరు వేస్తాం, వయసు వేస్తాం..." అని, ఆయన మధ్యలో ఆగాడు.

అత్తగారు టోపీ తీసి బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్ళింది. ఇనప్పెట్టె మూత కిర్రుమన్న చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో పెళ్ళి పట్టుచీర ఉంది. దాని మడతలో పసుపుపచ్చబడిన పేపరు ముక్క. అరచేయంత ఉంటుంది.

"దీన్ని చదివించమ్మా. ముందు వాడితో."

ఫణీంద్ర మళ్ళీ టోపీ పెట్టుకుని పైకి చదివాడు. "వరదలో చిక్కిన వరుడు క్షేమం. పెదలాకుల వద్ద కాలువకు గండి పడటంతో పెళ్ళి బస్సులో చిక్కుకుపోయిన వరుడు చిరంజీవి సత్యప్రసాద్, అతని బంధువులు పదకొండు మంది సురక్షితంగా ఒడ్డుకు చేరుకున్నారు. లాకుల లస్కరు కూతురు ఒకతె బల్లకట్టును తాడుతో లాగి సాయపడింది. తాడు పొడవు ఎనభై గజాలు. వరుడి తండ్రి హర్షం వ్యక్తం చేశారు."

తెర మీద వరద నీరు పడింది. బస్సు పడింది. బాసికంతో పెళ్ళికొడుకు పడ్డాడు, వణుకుతున్న పెదాలతో సహా. తాడు, పేటలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా పడింది. ఆ తాడు చివర ఒక పరికిణీ, ఒక జడ. ముఖం చోట పలక.

"ఇప్పుడు నాకు."

అత్తగారు టోపీ పెట్టుకుని కాగితం చేతిలోకి తీసుకుంది. చదవనక్కర్లేకుండానే ఆవిడకు కంఠతా వచ్చు. తెర ఒక్క క్షణం తడుముకుంది. తర్వాత అదే వరద, అదే తాడు. తాడు చివర పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఎర్ర పరికిణీ మోకాళ్ళ దాకా దోపి ఉంది. పళ్ళు బిగించి ఉన్నాయి. గడ్డం మీద గాటు, రక్తం కారుతూ. కళ్ళు మాత్రం, ఎవరో పందెం కట్టినట్టు వెలిగిపోతున్నాయి.

ఫణీంద్ర తెర చూశాడు. తల్లి గడ్డం మీది పాత మచ్చ చూశాడు. చిన్నప్పుడు అడిగితే కత్తిపీట మీద పడ్డానని చెప్పింది ఆవిడ.

"అమ్మా! ఇది నువ్వా?"

"ఆ. మా నాన్న లాకుల లస్కరు. తలుపులెత్తి నీళ్ళు వదలడం ఆయన పని. ఆ రోజు ఆయనకి జ్వరం."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"పేపర్లోనే లేదు కదరా. నేను చెబితే గొప్పలు పోతున్నాననుకుంటారు." ఆవిడ నవ్వింది. "ఒకటి చెప్పనా? పేపరు చూసి పెద్దాఫీసరు మెచ్చుకుని, ఆ లస్కరు ఇంట్లో ఒకళ్ళకి ఉద్యోగం ఇమ్మన్నాడు. కాగితంలో పేరు లేదుగా. మా అన్నకిచ్చారు. వాడికి ఈత రాదు."

వకుళకు నవ్వొచ్చింది, ఆపుకుంది. మామగారి వైపు చూడటానికి జంకింది. కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో నలభై ఒక్క ఏళ్ళ నాటి తారీఖు, రాసినవాడి పేరు ఉన్నాయి. వీరభద్రరావు.

ఆయన కుర్చీలోంచి లేచాడు. చప్పుడు చేయకుండా వచ్చి, టోపీ భార్య తల మీంచి తీసి, తనే పెట్టుకున్నాడు.

"వద్దు మామయ్యా," అంది వకుళ.

"పెట్టుకోనీ. నాలో ఏం పడుతుందో నాకూ తెలియాలిగా."

కాగితం కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు. నలుగురూ తెర వంకే చూస్తున్నారు. పలక పడుతుందని వకుళ భయం. అదే పడితే ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఈ పెట్టె తెరవకూడదనుకుంది.

పలక పడలేదు. వరద పడలేదు, బస్సు పడలేదు, పెళ్ళికొడుకు అసలే పడలేదు. తెర నిండా ఆ పిల్ల ముఖం ఒక్కటే పడింది. గడ్డం మీద గాటు, పెదవి మీద ఒక నీటిచుక్క, తడిసి నుదుటికి అంటుకున్న ముంగురులు. ఆవిడ గీసుకున్న బొమ్మకంటే స్పష్టంగా ఉంది. ఆ పిల్లకు కూడా తెలియనంత అందంగా ఉంది.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీలో ఆ ముఖం ఉంది మామయ్యా," అంది వకుళ మెల్లగా. "నలభై ఒక్క ఏళ్ళుగా ఉంది. మా దాకానే రాలేదు."

వీరభద్రరావు టోపీ తీయలేదు. అలాగే కూర్చుని మాట్లాడాడు. "పేరు అడగలేదనుకుంటున్నారేమో. అడిగాను. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఆడపిల్ల పేరు పేపర్లోకెక్కితే రేపు పెళ్ళి కష్టం, ఫలానా వాళ్ళ కూతురని వేస్తే చాలు అన్నారు డెస్కులో. నిజమే కాబోలనుకున్నాను. ఆ తర్వాత డెస్కు నేనే అయ్యాను. కుర్రాళ్ళకి ఆ మాట నేనే చెప్పడం మొదలెట్టాను. ఎన్ని పేర్లు కొట్టేశానో!"

"వార్తలో పట్టని పేరు శుభలేఖలో పట్టింది లెండి," అంది అత్తగారు. "ఆ సంవత్సరమే వచ్చి పెళ్ళాడారుగా."

ఎగతాళి చేసిందో, ఓదార్చిందో ఆవిడకే తెలియాలి. రెండూ అయ్యుంటాయి.

వకుళ ఆయన ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. రేపు పదకొండింటికి పరిశీలకులకు చూపించడానికి ఇంతకంటే గట్టి రుజువు దొరకదు. అయినా మొగుడి తండ్రిని వేదిక మీద నిలబెట్టి, ఇదిగో ఈయన చేసింది అని ఎలా చూపిస్తుంది?

"రేపు ఇది చూపించను మామయ్యా. వేరే వార్తేదైనా వెతుకుతాను. యంత్రం బాగానే ఉందని తేలింది, అది చాలు."

"ఎందుకు చూపించవు?" ఆయన చివ్వున తలెత్తాడు. టోపీ తీగలు కోడిజుట్టులా ఊగాయి. "పేపర్లో తప్పు పడితే ఏం చేస్తాం? దాచేస్తామా? సవరణ వేస్తాం. నలభై ఏళ్ళలో ఇంటిపేర్లు సవరించాను, తారీఖులు సవరించాను. ఒకసారి ఎద్దు వయసు కూడా సవరించాను. ఫణీ, ఆ ఫోను ఇలా తే."

జిల్లా పేజీ ఏడింటికి ప్రెస్సుకు వెళుతుంది. టైము ఐదున్నర. ఆయన డెస్కుకు ఫోను కలిపి, తన పాత గొంతుతో, కామాలూ చుక్కలతో సహా చెప్పడం మొదలుపెట్టాడు.

"రాసుకో. సవరణ. ఏదో మూల కాదు, ఒకటో పేజీ. నలభై ఒక్క ఏళ్ళ క్రితం మా పత్రికలో 'వరదలో చిక్కిన వరుడు క్షేమం' అని వచ్చిన వార్తలో, బల్లకట్టు లాగినది లస్కరు కూతురు ఒకతె అని పడింది. చుక్క. అలా కాదు. బల్లకట్టు లాగినది మాణిక్యం."

ఆ ఇంట్లో ఆ పేరు ఆయన గొంతులో వినిపించడం అదే మొదటిసారి. అత్తగారి చేతిలోని పట్టుచీర జారి ఒళ్ళో పడింది.

"ఏంటీ? పూర్తి పేరా?" ఆయన ఫోను పక్కకు పెట్టి భార్య వైపు తిరిగాడు. "మాణిక్యాంబ అని వేయమంటావా?"

"అది శుభలేఖ కోసం మీరు పొడిగించింది. తాడు లాగినప్పుడు మాణిక్యాన్నే."

"మాణిక్యం," అన్నాడు ఫోనులో. "పంతొమ్మిదేళ్ళు. గజ ఈతగత్తె. తాడు కొస తగిలి గడ్డం చీరుకుపోయినా వదలలేదు. పన్నెండు మందిని ఎనభై గజాలు లాగి ఒడ్డుకు చేర్చింది. చేర్చింది అనే రాయి, 'చేర్చారు' వద్దు. పాఠకులు సవరించి చదువుకోగలరు. కింద నా పేరు వేయి. ఇంకోటి. నేను పంపుతానన్న వార్త ఉందే, కోడలికి అవకాశం అని, అది వద్దు. కొత్తది ఇస్తున్నా. మొదటి మాట: వకుళ."

ఆయన ఆ వార్త చెప్పి ముగించేలోగా వకుళ పాత వార్తనూ, సవరణనూ ఫోనులో షకీలాకు పంపింది. ఆమె ఇంకా ప్రయోగశాలలోనే ఉంది. అత్తగారిని ఎప్పుడూ చూసింది లేదు. పది నిమిషాలకు తిరిగి ఫోను చేసింది. అందరికీ వినపడేలా పెట్టింది వకుళ.

"పాతదానికి పలక వచ్చింది, మామూలే. రెండోదానికి... ఒక పిల్ల వచ్చింది వకుళా. గడ్డం మీద గాటు. కళ్ళు అచ్చం మా చెల్లెలివి. ఎవరమ్మా ఈ పిల్ల? నాకు టోపీ తీయబుద్ధి కావడం లేదు."

"మా అత్తగారు," అంది వకుళ. ఆ రెండు మాటలు అంటుంటే ఆమెకు నూరు గ్రంథాలయాల కబురు కన్నా ఎక్కువ సంతోషం వేసింది. వెంటనే తనను తాను సవరించుకుంది. "మాణిక్యం."

ఫణీంద్ర అందరికీ కాఫీ తెచ్చాడు. ట్రేతో గుమ్మంలో నిలబడి, "ఎవరైనా నాదో బొమ్మ తీయండి. సాక్ష్యం ఉండాలి," అన్నాడు. చక్కెర మళ్ళీ ఎక్కువే అయింది. ఎవరూ పట్టించుకోలేదు.

"సరే, రేపటి సంగతి," అన్నాడు వీరభద్రరావు కప్పు కింద పెడుతూ. "పదకొండింటికి టోపీ పరిశీలకులకే పెడదాం. పాత వార్త ఒకసారి, పొద్దున పేపర్లో వచ్చిన సవరణ ఒకసారి. రాసింది నేనేనని నేనే లేచి చెబుతాను."

మాణిక్యం ఒళ్ళో చీర మడత పెట్టి పక్కన పెట్టింది. గడ్డం మీది మచ్చను బొటనవేలితో ఒకసారి తడుముకుంది.

"ఎర్ర పరికిణీ లేదు గానీ ఎర్ర చీర ఉంది. రేపు అది కట్టుకుని ముందు వరసలో కూర్చుంటా. వాళ్ళకి పడిన ముఖం సరిపోయిందో లేదో పక్కన పెట్టి పోల్చుకోవచ్చు."